మోటా, మోటారూ: ప్రణాళికా నమూనాల్లో కనిపించని మనిషి

మోట బావి చూసినవాళ్ళు ఇప్పుడు మనలో తక్కువే. బావి గట్టున గిలక, గిలక మీద మోకు, మోకు చివర తోలు బొక్కెన. ఎడ్లు వాలు దిగుతుంటే నీళ్ళు పైకొచ్చేవి. ఆ తోలును ఊనింది, కుట్టింది, చిరిగితే అతుకు వేసింది మాదిగ. అందుకు అతనికి కళ్ళం దగ్గర ఏడాదికింత గింజలు మేరగా ముట్టేవి. తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. మోట మూలపడింది. మేర కూడా దాంతోపాటే పోయింది.

మోటారు రావడం తప్పని ఎవరూ అనరు. ఎడ్ల వెనక రోజంతా నడిచి ఎకరం తడపలేని చోట మోటారు ఎన్నో ఎకరాలు తడిపింది. రెండు పంటలు పండాయి. కానీ ఒక లెక్క అడగాలి. మోటారు కొన్న రైతు ఖాతాలో అది పెట్టుబడి. ప్రణాళిక పుస్తకంలో అది ఉత్పత్తి పెరుగుదల. కరెంటు బోర్డు లెక్కలో అది ఒక కనెక్షన్. మరి మోట కుట్టినవాడు ఏ లెక్కలో ఉన్నాడు? ఏ లెక్కలోనూ లేడు. అతని పని పోయిందని రాయడానికి ఆ పుస్తకాల్లో ఒక గడి కూడా లేదు.

ఏ పనికి ఏ యంత్రం వాడాలి, ఎంత పెట్టుబడి పెట్టాలి, ఎంతమందికి పని దొరకాలి అనే ప్రశ్నను అర్థశాస్త్రంలో సాంకేతిక ఎంపిక సమస్య అంటారు. దీనిమీద 1950ల నుంచీ పెద్ద చర్చ జరిగింది. మన దేశం ఆ చర్చకు కేంద్రం. అది లెక్కల భాషలో ఉంటుంది కాబట్టి మనకు సంబంధం లేదనుకుని మనం పక్కన పెట్టేశాం. నిజానికి అది మన కూలి గురించీ, మన చేతిలో పని గురించీ జరిగిన చర్చ. అందుకే ఆ నమూనాలు ఏమిటో, అవి ఎట్లా ఆలోచిస్తాయో, ఎక్కడ చూపు తప్పుతాయో ఈ వ్యాసంలో చూద్దాం.

నమూనా అంటే ఏమిటి?

నమూనా అంటే బొమ్మ గీసుకోవడం లాంటిది. దేశంలో కోట్లమంది, లక్షల రకాల పనులు. అన్నీ ఒకేసారి ఆలోచించలేం. అందుకని నాలుగైదు ముఖ్యమైన అంకెలు తీసుకుని, మిగతావి వదిలేసి లెక్క వేస్తారు. వదిలేయడం తప్పు కాదు, వదలకుండా ఏ లెక్కా సాగదు. కానీ దేన్ని వదిలేశారన్నదే అసలు రాజకీయం.

ఈ చర్చలో పదేపదే వచ్చే అంకెలు రెండు. ఒకటి, ఒక మనిషికి పని కల్పించడానికి ఎంత పెట్టుబడి కావాలి? రెండు, ఒక రూపాయి పెట్టుబడికి ఏడాదికి ఎంత ఉత్పత్తి వస్తుంది? చెరువు పూడిక తీయాలనుకోండి. పారా, తట్టా ఇచ్చి వందమందిని దింపొచ్చు. లేకపోతే ఒక ప్రొక్లెయినర్‌నూ, నాలుగు టిప్పర్లనూ పెట్టొచ్చు. మట్టి అంతే వస్తుంది. మొదటిదాంట్లో డబ్బు ఎక్కువగా కూలీల చేతికి పోతుంది. రెండోదాంట్లో యంత్రం యజమానికీ, డీజిలుకూ, బ్యాంకు వాయిదాకూ పోతుంది. ప్రణాళికలు వేసేవాళ్ళు ఇదే ప్రశ్నను దేశం మొత్తానికి వేసుకున్నారు.

మహలనోబిస్ నాలుగు గదులు

కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ రెండో పంచవర్ష ప్రణాళికకు (1956–61) లెక్కల పునాది వేశాడు. ఆయన 1955లో ప్రచురించిన నమూనాలో ఆర్థిక వ్యవస్థను నాలుగు గదులుగా విడదీశాడు. మొదటిది యంత్రాలూ, ఉక్కూ తయారుచేసే భారీ పరిశ్రమ. రెండోది జనం వాడుకునే సరుకులు తయారుచేసే ఫ్యాక్టరీలు. మూడోది వ్యవసాయమూ, ఇంటి పరిశ్రమలూ. నాలుగోది సేవలు.

ఒక్కో గదికి ఆయన వేసుకున్న అంకెలు చూడండి. ఒక మనిషికి పని కల్పించాలంటే భారీ పరిశ్రమలో 20,000 రూపాయలు కావాలి. ఫ్యాక్టరీ సరుకుల్లో 8,750. ఇంటి పరిశ్రమ, వ్యవసాయంలో 2,500. సేవల్లో 3,750. రూపాయి పెట్టుబడికి వచ్చే అదనపు ఆదాయం భారీ పరిశ్రమలో 20 పైసలు, ఫ్యాక్టరీ సరుకుల్లో 35 పైసలు, ఇంటి పరిశ్రమ, వ్యవసాయంలో రూపాయి పావలా, సేవల్లో 45 పైసలు.

ఈ అంకెలు చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? డబ్బంతా మూడో గదిలో పెట్టమనిపిస్తుంది. అక్కడ ఎనిమిది మందికి పని దొరికే డబ్బుతో భారీ పరిశ్రమలో ఒక్కడికే దొరుకుతుంది. అయినా మహలనోబిస్ మొత్తం పెట్టుబడిలో మూడోవంతును భారీ పరిశ్రమకే ముందుగా కేటాయించాడు. ఎందుకంటే యంత్రాలు తయారుచేసే యంత్రాలు మన దగ్గర లేకపోతే, రేపటి పెట్టుబడికి విదేశాల ముందు చేయి చాపాల్సి వస్తుంది. ఇవాళ కష్టపడి ఉక్కు ఫ్యాక్టరీ కడితే రేపు వందల ఫ్యాక్టరీలు మనమే కట్టుకోవచ్చు. ఇదీ ఆయన వాదన. తీసిపారేయాల్సిన వాదన కాదు.

మిగిలిన మూడింట రెండు వంతుల డబ్బును, ఏటా అయిదు శాతం ఆదాయం పెరగాలి, అయిదేళ్ళలో 1 కోటి 10 లక్షల మందికి కొత్తగా పని దొరకాలి అనే రెండు లక్ష్యాలు తీరేటట్టు మిగతా మూడు గదులకు పంచాడు. మొత్తం సుమారు 5,600 కోట్లు. అందులో భారీ పరిశ్రమకు 1,850 కోట్లు, దాంతో 9 లక్షల ఉద్యోగాలు. ఇంటి పరిశ్రమ, వ్యవసాయానికి 1,180 కోట్లు, దాంతో 47 లక్షల మందికి పని. అంటే ఎక్కువ డబ్బుతో తక్కువ ఉద్యోగాలు ఒకచోట, తక్కువ డబ్బుతో ఎక్కువ పని ఇంకోచోట. ఉక్కు రేపటి కోసం, చేతిపని ఇవాళ్టి కోసం. 1955లో వచ్చిన కార్వే కమిటీ నివేదిక కూడా ఈ చేతిపనులకు రక్షణ కల్పించాలనే చెప్పింది. అంబర్ చరఖాకు ప్రభుత్వ సాయం వచ్చింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు మన ప్రశ్న. ఆ 9 లక్షల ఉద్యోగాలు ఎవరివి? ఆ 47 లక్షల పనులు ఎవరివి? నమూనాలో దానికి జవాబు లేదు. భారీ పరిశ్రమ గదిలో నెల జీతం, క్వార్టరు, పింఛను. మూడో గదిలో రోజు కూలి, ముక్కకింత. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మనిషి స్వేచ్ఛగా నడిచి వెళ్తాడన్నట్టు లెక్క సాగింది. ఊళ్ళో వాడకూ, పేటకూ మధ్య దారి ఉన్నా నడవనీయని కాలం అది. ఇక ఫ్యాక్టరీ గేటు దాకా ఎవరు నడవనిస్తారు? ప్రభుత్వ రంగంలో రిజర్వేషన్లు ఆ గేటును కొంత తెరిచాయి. కానీ అది నమూనా చేసిన పని కాదు, అంబేద్కర్ పోరాటం వల్ల వచ్చిన హక్కు.

రెండో ప్రణాళిక ముగిసేసరికి నిరుద్యోగులు తగ్గకపోగా పెరిగారని మూడో ప్రణాళిక పత్రమే ఒప్పుకుంది.

మిగులు వాదం: ఇవాళ ఎనిమిది, రేపు ఒకటి

అదే 1955లో గాలెన్సన్, లైబెన్‌స్టీన్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు అమెరికాలో ఒక వ్యాసం రాశారు. ఇంగ్లండులో మార్క్సిస్టు అర్థశాస్త్రవేత్త మారిస్ డాబ్ ఇంచుమించు అదే మాట ఇంకో దారిలో చెప్పాడు. వాళ్ళ వాదన ఏమిటంటే, పేద దేశం ఎంతమందికి పని ఇస్తున్నామని చూడకూడదు. కూలి ఇచ్చాక ఎంత మిగులుతుందో చూడాలి. కూలివాడు కూలినంతా తినేస్తాడు. మిగులు మాత్రమే మళ్ళీ పెట్టుబడిగా మారుతుంది.

ఒక ఊహా లెక్కతో చూద్దాం. మన చేతిలో లక్ష రూపాయలున్నాయి. మొదటి పద్ధతి చేతిపని: తలకు 2,500 పెట్టి 40 మందికి పని. ఒక్కొక్కరు ఏడాదికి 1,200 రూపాయల సరుకు తీస్తారు, కూలి 1,000. తలకు 200 చొప్పున మిగులు 8,000. రెండో పద్ధతి యంత్రం: తలకు 20,000 పెట్టి 5 మందికే పని. ఒక్కొక్కరు 5,000 రూపాయల సరుకు తీస్తారు, కూలి అదే 1,000. మిగులు తలకు 4,000 చొప్పున 20,000.

చేతిపనిలో ఉద్యోగాలు ఎక్కువ. మొత్తం సరుకు కూడా ఎక్కువే, 48,000. యంత్రంలో 25,000. కానీ మిగులు యంత్రంలో రెండున్నర రెట్లు. ఆ మిగులునంతా మళ్ళీ అదే పద్ధతిలో పెడుతూ పోతే చేతిపని ఏటా 8 శాతం, యంత్రం ఏటా 20 శాతం పెరుగుతాయి. పదో ఏట చేతిపనిలో 86 మంది, యంత్రం దగ్గర 31 మంది. ఇరవయ్యో ఏటికి చేతిపనిలో 186, యంత్రం దగ్గర 192. అక్కడ యంత్రం దాటిపోతుంది. ఆ తర్వాత అందనంత ముందుకెళ్తుంది.

కేంబ్రిడ్జిలో చేసిన పరిశోధన ఆధారంగా అమర్త్యసేన్ 1960లో సాంకేతిక ఎంపిక మీద పుస్తకం ప్రచురించాడు. ఆయన తేల్చింది ఇది: ఏ పద్ధతి మంచిదన్నది నువ్వు ఎంత దూరం చూస్తున్నావన్న దానిమీద ఆధారపడుతుంది. పదేళ్ళు చూస్తే ఒక జవాబు, ముప్పై ఏళ్ళు చూస్తే ఇంకో జవాబు. వెనకబడ్డ పద్ధతి ఎన్నేళ్ళకు అందుకుంటుందో ముందు లెక్క వెయ్యాలన్నాడు. మన దేశంలోని చేనేత మగ్గం నుంచి మరమగ్గం దాకా, అంబర్ చరఖా దాకా ఉన్న అంకెలు తీసుకుని పరీక్షించాడు.

ఈ వాదంలో రెండు నమ్మకాలు దాగున్నాయి. ఒకటి, మిగులు తప్పకుండా మళ్ళీ పెట్టుబడి అవుతుందని. మిగులు యజమాని చేతికి పోతుంది. అతను దాంతో ఇంకో యంత్రం కొంటాడో, బంగారం కొంటాడో, ఎలక్షన్లో ఖర్చుపెడతాడో మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. రెండు, ఇరవై ఏళ్ళు ఆగగలమని. ఆగేది ఎవరు? మొదటి రోజున పని దొరకని ఆ ముప్పై అయిదు మంది. ఇరవై ఏళ్ళంటే ఒక తరం. బడికి పోవాల్సిన పిల్ల పశువుల వెంట పోయి, పెళ్ళయి, ఆమె బిడ్డ కూడా అదే దారిలో నడిచేంత కాలం. ఇరవయ్యో ఏట దొరికే 192 ఉద్యోగాలు ఆ ముప్పై అయిదు మంది పిల్లలకే వస్తాయన్న హామీ ఎక్కడుంది? ఆ ఉద్యోగానికి ఐటీఐ సర్టిఫికెట్ కావాలి, పేరు చెప్పి పంపేవాడు కావాలి. ఇరవై ఏళ్ళు ఆకలితో ఆగినవాడి దగ్గర అవి ఎట్లా ఉంటాయి?

ఖర్చు లేని కూలి

ఇంకో నమూనా ఆర్థర్ లూయిస్‌ది. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన నల్లజాతి అర్థశాస్త్రవేత్త, 1979లో నోబెల్ అందుకున్నాడు. 1954లో రాసిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇది: పేద దేశాల్లో వ్యవసాయం మీద అవసరానికి మించి మనుషులున్నారు. వాళ్ళలో కొందరు వెళ్ళిపోయినా పంట పెద్దగా తగ్గదు. కాబట్టి బతకడానికి సరిపడేదానికి కాస్త ఎక్కువిస్తే ఎంతమంది కూలీలైనా పరిశ్రమకు దొరుకుతారు.

ఇక్కణ్ణుంచే ప్రాజెక్టుల లెక్కల్లోకి నీడ కూలి అనే ఆలోచన వచ్చింది. 1972లో ఐక్యరాజ్య సమితి పారిశ్రామిక సంస్థ ప్రచురించిన ప్రాజెక్టు మదింపు సూత్రాల్లో ఇది ఉంది. దీన్ని రాసినవాళ్ళలో పార్థ దాస్‌గుప్తా, స్టీఫెన్ మార్గ్లిన్‌లతో పాటు అమర్త్యసేన్ కూడా ఉన్నాడు. పని లేని మనిషికి పనిస్తే సమాజానికి నష్టమేమీ లేదు, కాబట్టి ప్రాజెక్టు లెక్కలో అతని కూలిని బజారు కూలి కంటే తక్కువగా వెయ్యాలి. అప్పుడు ఎక్కువ మందికి పనిచ్చే పద్ధతి లాభసాటిగా కనిపిస్తుంది. దీని ఉద్దేశం మంచిదే. యంత్రం వైపు మొగ్గే తరాజును మనిషి వైపు లాగడానికి చేసిన ప్రయత్నం ఇది.

కానీ జాగ్రత్తగా చూడండి. అవసరానికి మించి ఉన్నవాళ్ళు ఎవరు? భూమి ఉండి, పని లేక రచ్చబండ మీద కూర్చునే ఆసామినీ, భూమి లేక, పిలిస్తేనే పని దొరికే మాల మాదిగ కూలీనీ ఒకే సంచిలో వేసి మిగులు శ్రమ అని పేరు పెట్టారు. మొదటివాడు పని లేకపోయినా తింటాడు. రెండోవాడు పని లేని రోజు పస్తుంటాడు.

మన దేశం గురించి ఈ మాట లూయిస్ కంటే ముప్పై ఆరేళ్ళ ముందే చెప్పినవాడు ఒకడున్నాడు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో అంబేద్కర్, కమతం చిన్నదవడం అసలు రోగం కాదన్నాడు. భూమి మీద పెట్టుబడి లేకపోవడం, పని లేకుండా మనుషులు పేరుకుపోవడం రోగమన్నాడు. పరిశ్రమలు పెట్టడమే మందన్నాడు. 1936లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. కులం పనులను పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా విడగొడుతుంది. ఒక పని మూతపడితే ఇంకో పనిలోకి మారనీయదు. దేశంలో నిరుద్యోగానికి ఇది కూడా నేరుగా కారణమని వాదించాడు. ఒక్కసారి ఈ మాటను పైన చెప్పిన నమూనాల పక్కన పెట్టి చూడండి. అన్ని నమూనాలూ మనిషి ఒక పని నుంచి ఇంకో పనికి మారతాడనే నమ్మకం మీద నిలబడ్డాయి. ఆ నమ్మకం ఈ దేశంలో ఎందుకు చెల్లదో అంబేద్కర్ అవి పుట్టకముందే చెప్పాడు.

చేతిపని అంతా మంచిదేనా?

యంత్రం పని లాక్కుంటుంది కాబట్టి చేతిపనే మేలని గాంధేయులు అన్నారు. 1973లో షూమాకర్ రాసిన పుస్తకంతో చిన్న యంత్రం, మధ్యస్థ సాంకేతికత అనే మాటలు ప్రపంచమంతా పాకాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1969లోనే ప్రపంచ ఉపాధి కార్యక్రమం మొదలుపెట్టి, ఎక్కువ మందికి పనిచ్చే పద్ధతుల మీద అనేక దేశాల్లో పరిశోధనలు చేయించింది.

దీన్ని మనం ఊరికే ఒప్పుకోలేం. లంద దగ్గర నిలబడి చూడాలి. సున్నం నీళ్ళలో పచ్చితోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్కా కరక్కాయా వేసి నెలల తరబడి ఊనడం. చేతులు పుండ్లు పడతాయి. వాసన ఒంటిని వదలదు. ఆ వాసన పేరుతోనే మనిషిని ఊరి బయట పెట్టారు. ప్రణాళిక లెక్కలో ఇది తక్కువ పెట్టుబడితో ఎక్కువ ఉపాధి, అంటే ఆదర్శమైన పని. ఆ పని చేసేవాడికి మాత్రం అది బందిఖానా.

అందుకే అంబేద్కర్ యంత్రాన్ని సమర్థించాడు. 1945లో గాంధీ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ, యంత్రం లేకపోతే మనిషికి తీరిక ఉండదని, తీరిక లేనిచోట చదువూ సంస్కృతీ కొద్దిమందికే దక్కుతాయని వాదించాడు. యంత్రాల వల్ల వచ్చిన కీడుకు కారణం యంత్రం కాదు, దాన్ని కొందరి సొత్తు చేసిన ఏర్పాటు అన్నాడు. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన పత్రంలో కీలక పరిశ్రమలూ, వ్యవసాయమూ ప్రభుత్వ యాజమాన్యంలో ఉండాలని, భూమిని కులభేదం లేకుండా సాగుకివ్వాలని అడిగాడు. ఆయన ప్రశ్న యంత్రం కావాలా వద్దా అన్న దగ్గర ఆగలేదు. యంత్రం ఎవరిది అన్న దాకా వెళ్ళింది.

అమర్త్యసేన్ 1975లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం రాసిన పుస్తకంలో ఉపాధికి మూడు ముఖాలున్నాయన్నాడు. పని వల్ల ఆదాయం రావాలి. పని వల్ల ఉత్పత్తి జరగాలి. పనిచేసేవాడికి తాను విలువైన పని చేస్తున్నానన్న గుర్తింపు ఉండాలి. మూడోదాన్ని మన భాషలో ఆత్మగౌరవం అంటాం. మహలనోబిస్ లెక్కలోని 47 లక్షల్లో మొదటి రెండే ఉన్నాయి.

తోలు చెప్పిన కథ

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాష్ట్రంలో క్రోమ్ పద్ధతి ప్రవేశించింది. తంగేడు చెక్కతో నెలలు పట్టే పని రసాయనాలతో, తిరిగే డ్రమ్ములతో రోజుల్లోకి వచ్చింది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఏర్పడింది. చాలాకాలం మన దేశం సగం ఊనిన తోలునే విదేశాలకు పంపేది. 1972లో సీతారామయ్య కమిటీ దీన్ని తగ్గించి, పూర్తిగా తయారైన తోలూ, చెప్పులూ, సంచులూ పంపాలని సిఫారసు చేసింది. మరుసటి ఏడే సగం ఊనిన తోలు ఎగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. దేశానికి డాలర్లు ఎక్కువ వచ్చాయి. తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట లాంటి చోట్ల ఫ్యాక్టరీల్లో వేలమందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, పని దొరికింది.

నమూనా ప్రకారం ఇది విజయమే. మరి మన ఊరి లందకేమైంది? డ్రమ్ము కొనే పెట్టుబడి, బ్యాంకు అప్పుకు పూచీ, ఎగుమతి లైసెన్సు పల్లెలో తోలు ఊనేవాడి దగ్గర లేవు. పచ్చితోలు ఊరు దాటి వ్యాపారి చేతుల మీదుగా టానరీకి వెళ్ళిపోయింది. రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చి కుట్టుపనిని కూడా తిన్నాయి. తోలు కంపు కొట్టినన్నాళ్ళూ అది మాదిగ సొత్తు. లాభం తెచ్చిన రోజున పెట్టుబడి ఉన్నవాళ్ళ సొత్తు. పని పోయింది, పని తెచ్చిన అంటు మాత్రం పోలేదు. నేత సంగతీ ఇంతే. షెడ్యూల్డ్ కులాల జాబితాలో మాల సాలె, నేతకాని అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ముతక బట్ట నేసిన చేతుల గుర్తు ఆ పేరులో మిగిలింది.

యంత్రం రావాల్సిన చోట ఎందుకు రాలేదు?

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. యంత్రం తప్పకుండా రావాల్సిన చోటు మురుగు కాలువ. అక్కడ మనిషి దిగకూడదు. పొడి మరుగుదొడ్లనూ, చేతులతో మలం ఎత్తించడాన్నీ నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చి, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని కూడా నేరం చేసింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ దశాబ్దాలుగా దీనిమీద పోరాడుతున్నారు. అయినా చావులు ఆగలేదు.

చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపిన దేశంలో మ్యాన్‌హోల్‌లోకి యంత్రం ఎందుకు దిగలేదు? సాంకేతిక ఎంపిక సిద్ధాంతంలోనే దీనికి జవాబుంది. కూలి చవకగా ఉన్నచోట యంత్రం గిట్టుబాటు కాదు. కాంట్రాక్టరు లెక్క అదే: యంత్రానికి లక్షలు, మనిషికి కొన్ని వందలు. కానీ ఈ కూలి ఎందుకు చవక? గిరాకీ, సరఫరా వల్లనా? ఆ పనికి దిగేది ఫలానా కులాలవాళ్ళేనని సమాజం ముందే నిర్ణయించింది. వాళ్ళకు ఇంకో పని దారి మూసింది. దారి మూస్తే కూలి పడిపోతుంది. కూలి పడిపోతే యంత్రం దండగ అవుతుంది. ఆ పడిపోయిన కూలిని నమూనా దేవుడిచ్చిన అంకెలాగా తీసుకుని లెక్క వేస్తుంది. ఇక్కడే అసలు కీలకం ఉంది. కులం కూలిని నిర్ణయిస్తుంది, కూలి యంత్రాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి యంత్రాన్ని ఎంచుకునేది చివరికి కులమే. చావుకు 30 లక్షలన్న తీర్పు ఈ లెక్కను కొంతైనా తిరగరాస్తుంది, అది కూడా నిజంగా వసూలైతే.

2017లో హైదరాబాద్ నీటి బోర్డు, దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ తోడ్పాటుతో, ఇరుకు సందుల్లోకి వెళ్ళే చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. ఇది మంచి అడుగు. ఇట్లాంటి ప్రతిచోటా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కాలువలో దిగిన మనిషి ఇప్పుడు ఏ స్థానంలో ఉన్నాడు? యజమానిగానా, ఆపరేటరుగానా, లేక యంత్రం వెనక పైపు మోసేవాడిగానా?

పొలంలో రెండు రకాల యంత్రం

వ్యవసాయంలోనూ సాంకేతికత అంతా ఒకటి కాదు. సీహెచ్ హనుమంతరావు 1975లో ప్రచురించిన పుస్తకంలో, హరిత విప్లవం లాభాలు ఎవరికి ఎంత దక్కాయో పరిశీలించాడు. ఈ చర్చలో తేలిన ముఖ్యమైన తేడా ఇది. కొత్త విత్తనం, ఎరువు, నీరు పని దినాలను పెంచుతాయి. ఎందుకంటే కలుపు పెరుగుతుంది, కోత పెరుగుతుంది, రెండో పంట వస్తుంది. ట్రాక్టరు, కోత యంత్రం పని దినాలను తగ్గిస్తాయి. మొదటిదాని వల్ల కూలీకి బేరమాడే బలం వస్తుంది. ఆ బలం వచ్చి కూలి పెంచమని అడగ్గానే ఆసామి రెండోదాన్ని తెస్తాడు. మన వరి పొలాల్లోకి కోత యంత్రం వచ్చాక కోత, కుప్ప, నూర్పిడి పనులు గంటల్లో అయిపోతున్నాయి. కోతల్లో సంపాదించుకున్న గింజలతో కొన్ని నెలలు గడిపిన దళిత ఆడవాళ్ళకు ఆ గింజలు పోయాయి.

దీనికి ఎదురుగా 2005 ఉపాధి హామీ చట్టాన్ని చూడండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఇది మొదలైంది. కూలీల పని తినే యంత్రాలు వాడకూడదని, కాంట్రాక్టర్లు ఉండకూడదని, ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలని అది షరతు పెట్టింది. ఇది చట్టంగా మారిన సాంకేతిక ఎంపిక నమూనా. ఊళ్ళో కూలికి ఒక అడుగు రేటు ఏర్పడిందని ఆసాములు గోల పెట్టింది ఇందుకే. అయితే ఇక్కడా మట్టి తవ్వే పని తరతరాలకూ మట్టి తవ్వే పనిగానే ఉండిపోతే సేన్ చెప్పిన మూడో ముఖం సంగతి ఏమిటని అడగాలి.

మనం అడగాల్సినవి

1950లో పుట్టిన ప్రణాళికా సంఘం లేదు. 2015 జనవరి 1న దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. పంచవర్ష ప్రణాళికలు పన్నెండోదానితో ఆగిపోయాయి. కానీ ఎంపికలు ఆగలేదు. సబ్సిడీ మీద ఏ యంత్రం ఇవ్వాలి, ఏ పరిశ్రమకు భూమి ఇవ్వాలి అని ఎవరో ఒకరు రోజూ నిర్ణయిస్తూనే ఉన్నారు. అక్కడ మనం ఉండాలి, లెక్క చదవడం తెలిసి ఉండాలి. ఏ యంత్రం వచ్చినా అయిదు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, దీనివల్ల ఎవరి పని పోతుంది, వాళ్ళ కులమేమిటి, ఆడవాళ్ళెంతమంది? రెండు, కొత్త పని ఎవరికి వస్తుంది, దానికి కావాల్సిన చదువూ శిక్షణా పని పోయినవాళ్ళకు ముందుగా ఇచ్చారా? మూడు, యంత్రం ఎవరి పేరున ఉంది, అప్పు ఎవరికిచ్చారు? నాలుగు, పోయే పని మనిషిని అవమానించే పనా, నిలబెట్టే పనా? అవమానించే పనైతే యంత్రాన్ని మనమే ముందు అడగాలి. అయిదు, మేలు జరగడానికి ఎన్నేళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఎవరు ఎట్లా బతకాలి?

ఈ అయిదు ప్రశ్నలకూ అంకెలతో జవాబు చెప్పొచ్చు. చెప్పలేనంత కష్టమైనవి కావు, ఇంతవరకూ ఎవరూ అడగనివి, అంతే. పరిశోధన చేసే విద్యార్థులు ఒక్క మండలం తీసుకుని, గత ముప్పై ఏళ్ళలో అక్కడికి వచ్చిన యంత్రాలెన్నో, వాటితో పోయిన పనులెన్నో, వచ్చిన పనులెన్నో, ఏవి ఎవరివో వాడవాడా తిరిగి రాస్తే, అది ఏ నమూనాకైనా కొత్త గదిని కట్టిస్తుంది.

మోట మళ్ళీ రావాలని మాదిగ ఎవరూ కోరుకోరు. ఎడ్లూ కోరుకోవు. మోటారు వచ్చిన రోజున మోట కుట్టినవాడికి కూడా రెండెకరాలూ ఒక బావీ ఉంటే, ఆ మోటారు అతని బావిలో కూడా పాడేది. అప్పుడు అతను దాన్ని చూసి తన పని పోయిందనుకునేవాడు కాదు, తన పని తేలికైందనుకునేవాడు.